నలభై నిమిషాలు

ఆరూ పదికి పాలు పొంగాలి. ఆరుంపావుకి టీ కప్పుల్లోకి దిగాలి. ఆరున్నరకి కొడుకు బస్సు డిపోకి బయలుదేరాలి. ఆ ఇంట్లో సూర్యుడు కాస్త ఆలస్యంగా వచ్చినా అడిగేవాళ్ళు లేరు గానీ, టీ ఆలస్యమైతే గంటమ్మ ఊరుకోదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బడిలో గంట కొట్టిన చెయ్యి ఆమెది. వానొచ్చినా, ఒళ్ళు కాలిపోతున్నా ఒక్క నిమిషం అటూ ఇటూ అయ్యింది లేదు. పిల్లలు పెట్టిన పేరు గంటమ్మ. ఉద్యోగం దిగి తొమ్మిదేళ్ళయినా ఆ పేరు పోలేదు, మణికట్టు మీద వాచీ పోలేదు, ఆ పెత్తనమూ పోలేదు.

"పిచ్చికా, టీలో చక్కెర ఎక్కువైందని మీ అమ్మకి చెప్పు."

పిచ్చిక ఆమె మనవరాలు. పదహారేళ్ళ పిల్ల, నోరు కాస్త పెద్దది. పుస్తకంలోంచి తలెత్తకుండానే, "అమ్మా, చక్కెర ఎక్కువైందంటోంది నానమ్మ" అంది.

అమ్మ ఉన్నది రెండడుగుల దూరంలో, పొయ్యి దగ్గరే. "రేపట్నుంచి తగ్గిస్తానని చెప్పవే."

"నానమ్మా, రేపట్నుంచి..."

"వినబడింది. నాకేం చెవుడా?"

"మరి మధ్యలో నేనెందుకు? పోస్టుమాన్‌కైనా ఆదివారం సెలవుంటుంది!"

రెండేళ్ళుగా ఇదే తంతు. గంటమ్మ కోడలితో నేరుగా మాట్లాడదు. పిచ్చిక ఇంట్లో లేకపోతే గోడతో మాట్లాడుతుంది. "ఓ గోడా, కుళాయి కారుతోందని ఆవిడకి చెప్పు" అంటుంది. "బాగుచేయిస్తానని గోడకి చెప్పండి అత్తయ్యా" అని కోడలు ఎన్నడూ ఎదురు అనలేదు. మౌనంగా వెళ్ళి కుళాయికి గుడ్డ కట్టి వచ్చేది. నవ్వొచ్చే సంగతే, కానీ ఆ ఇంట్లో దానికి ఎవరికీ నవ్వొచ్చేది కాదు.

ఎందుకు రాదంటే, ఆ గోడకి ఇటువైపు గదిలోనే గంటమ్మ భర్త పోయాడు.

కోడలు ఒక పెద్ద హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. ఒకరోజు తడి నేల మీద జారి నడుము విరగ్గొట్టుకుంది. డాక్టరు బలమైన నొప్పి మాత్రలిచ్చాడు. మూడు నెలలకి నడుము కుదుటపడింది. డాక్టరు మాత్రలు ఆపేశాడు. ఆమె ఆపలేకపోయింది. ఎక్కడెక్కడో సంపాదించుకుని మింగేది, ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మామగారికి క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. కుళాయిలు, గొట్టాలు బిగించే పనివాడాయన, ఇనుములాంటి మనిషి. ఇక చేసేదేం లేదని ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. నొప్పికి మాత్రం ఒక గోధుమరంగు సీసా నిండా మాత్రలిచ్చారు. ఆరు గంటలకొకటి, అంతకన్నా ముందు ఇవ్వకూడదు, ప్రమాదం.

ఆ పని గంటమ్మ తన మీద వేసుకుంది. ఇంకెవరికి చేతనవుతుంది? ఆరు, పన్నెండు, ఆరు, పన్నెండు. వాచీ చూసుకుని, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, ముల్లు అక్కడికి రాగానే నోట్లో వేసేది. మొదటి మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు నుంచి ఆయన మెలికలు తిరిగిపోయాడు. జబ్బు ముదిరిందనుకుంది.

"ఒక్కటి ముందే ఇవ్వవే. నీకు పుణ్యముంటుంది."

"ఇంకా నలభై నిమిషాలుంది. డాక్టరు చెప్పింది మీరూ విన్నారుగా? కాస్త ఓర్చుకోండి. చిన్నపిల్లాడిలా ఏమిటా ఏడుపు?"

పంతొమ్మిదో రోజు ఆయన పోయాడు. మిగిలిన మాత్రలు ఆస్పత్రిలో తిరిగి ఇచ్చెయ్యాలని నియమం. గంటమ్మే తీసుకెళ్ళింది. మందుల కౌంటర్‌లో అమ్మాయి ఒక మాత్ర అరచేతిలో వేసుకుని తిప్పి చూసి, "ఇవి నొప్పి మాత్రలు కాదండీ, కాల్షియం బిళ్ళలు" అంది.

ఆ సాయంత్రమే కోడలు కాళ్ళ మీద పడి అంతా ఒప్పుకుంది. నాలుగో రోజునే సీసాలో అసలువి తీసి కాల్షియం బిళ్ళలు పోసింది. అంటే గంటమ్మ పదహారు రోజులు వాచీ చూసుకుని, నిమిషం తప్పకుండా, మొగుడికి తినిపించింది సుద్ద.

కోడలు మందు అలవాటు మాన్పించే సెంటర్లో నాలుగు నెలలు ఉండి వచ్చింది. ఆ తరవాత మళ్ళీ మాత్ర ముట్టలేదు. అయినా గంటమ్మ నమ్మలేదు, మాట్లాడనూ లేదు. ఆమెకి మిగిలిన ఓదార్పు ఒక్కటే. చివరి పది రోజులు ఆయన ఏడవలేదు. మాత్ర మింగి, గ్లాసు తిరిగి ఆమె చేతికి వచ్చేలోపే, "తగ్గిందే, హాయిగా ఉంది" అనేవాడు. సుద్దతో నొప్పెలా తగ్గిందంటే, నమ్మకంతో తగ్గింది అని తనకి తనే చెప్పుకుంది. ఆయనకి ఏ సంగతీ తెలియదు, నా చేతి మీద నమ్మకంతో హాయిగా పోయాడు. రెండేళ్ళుగా ఆ ఒక్క మాట పట్టుకుని నిద్రపోతోంది.

ఆ ఉదయం కొడుకు టీ తాగుతూ జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"అమ్మా, సెంటర్ వాళ్ళ ఆఖరి కొండయాత్ర వచ్చే శనివారం. ఇంట్లోవాళ్ళు ఒకరు వెళ్ళి తీరాలి."

సెంటర్ వాళ్ళకి అదొక పద్ధతి. మందు మానినవాళ్ళని నెలకోసారి బయటికి తీసుకెళతారు. నదిలో పడవ నడిపిస్తారు, బండలెక్కిస్తారు, అడవిలో గుడారాలు వేయిస్తారు. మొదటిసారి వెళ్ళొచ్చినప్పుడు కోడలి అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, మొహం ఎండకి కమిలిపోయి ఉంది. ఆ రోజు మాత్రం ఆమె ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. అది చూసి గంటమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇప్పుడూ అదే మంట. "విహారయాత్రలు! మీ నాన్న మంచం దిగలేక పోయాడు. ఈవిడ కొండలెక్కుతోంది!"

"విహారం కాదమ్మా. ఇది పూర్తయితే సెంటర్ వాళ్ళు కాగితమిస్తారు. ఆ కాగితం చూపిస్తే లాండ్రీలో మళ్ళీ తీసుకుంటామన్నారు. ఈ ఆఖరి యాత్ర తప్పితే మళ్ళీ ఏడాది దాకా లేదు. నాకు సెలవు దొరకలేదు, డిపోలో డ్రైవర్లు చాలట్లేదు. పిచ్చికేమో చిన్నది, పద్దెనిమిది దాటాలట."

"అయితే?"

"నువ్వెళ్ళాలి."

గంటమ్మ కప్పు కింద పెట్టిన చప్పుడుకి పిచ్చిక పుస్తకం మూసేసింది.

"ఒరేయ్, నీకు మతి గానీ పోయిందా? నీ తండ్రి ఈ గోడ పక్కన అరిచిన అరుపులు నువ్వు వినలేదు, నువ్వు బస్సు తోలుకుంటున్నావు. విన్నదాన్ని నేను! చచ్చేవాడి నోటి ముందు మందు లాక్కున్న మనిషితో నేను కొండెక్కాలా?"

"వద్దులెండి" అంది కోడలు పొయ్యి వైపు తిరిగే. "అత్తయ్యని ఇబ్బంది పెట్టకండి. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు, వచ్చే ఏడు!" పిచ్చిక లేచింది. "తాతయ్య పోయాడు, సరే. అమ్మ తప్పు చేసింది, సరే. నేనేం చేశాను నానమ్మా? రెండేళ్ళు మీ ఇద్దరి మాటలూ నా నోట్లోంచే పోతున్నాయి. నా మాటలెవరు మోస్తారు? ఒక్కరోజైనా ఈ ఇంట్లో నేను మామూలుగా అన్నం తినాలని ఉండదా నాకు?"

పిల్ల ఏడుస్తూ గదిలోకి పోయి తలుపేసుకుంది. టైము ఆరూ ముప్ఫై ఎనిమిది. డిపోకి ఎనిమిది నిమిషాలు ఆలస్యమైంది, ఆ సంగతి గంటమ్మకి కూడా పట్టలేదు.

కొడుకు కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. "దీంట్లో ఇంటివాళ్ళు జవాబు రాయాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది. మానినవాళ్ళే ఎవరి ప్రశ్న వాళ్ళు రాసుకోవాలట. తనే రాసుకుంది, చూడు."

గంటమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. కోడలి గుండ్రటి అక్షరాలు. "ఈమె చేత్తో ఇచ్చిన మందు మీరు వేసుకుంటారా?"

కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. తరవాత గోడ వైపు తిరిగి, "ఓ గోడా, శనివారం ఎన్నింటికి బయలుదేరాలో ఆవిడనడుగు" అంది. మనసు కరిగి కాదు. వేసుకోను అని తన చేత్తో, అందరి ముందూ, పెద్ద అక్షరాలతో రాయాలని.

కొండ కింద బస్సు దిగేసరికి మరో ఏడుగురు, వాళ్ళ ఇంటివాళ్ళు కనిపించారు. నడిపించే ఆయన్ని అందరూ కొండ మాస్టారంటున్నారు. యాభై ఏళ్ళుంటాయి, చెప్పులరిగిన మనిషి. ఇరవై ఏళ్ళు తాగి, పదకొండేళ్ళ కిందట మానేశాడట. తనే చెప్పుకున్నాడు, దాపరికం లేకుండా.

"మానడం సగమేనమ్మా" అన్నాడు గంటమ్మతో. "మానాక రోజు చాలా పొడుగైపోతుంది. అంత పొడుగు రోజుని ఏం చేసుకోవాలో తెలీదు. నలుగురి మధ్య ఎలా నిలబడాలో తెలీదు. ఇక్కడ ఎవడి సంచి వాడు మోయాలి, అలిసిపోయినవాడి సంచి పక్కవాడు మోయాలి. అదే చదువు."

సెలూన్ నడిపే ఒకాయన, ఆయన తమ్ముడు పక్కనే నిలబడ్డారు. తమ్ముడికి గడ్డం రొమ్ము దాకా ఉంది. "మా అన్న కాగితంలో ప్రశ్న ఏమిటో తెలుసా పెద్దమ్మా? ఈయన చేతి కత్తికి మీ గడ్డం అప్పజెబుతారా అని! తాగిన చేత్తో ఒకసారి నా చెవి కోశాడు. అప్పట్నుంచీ ఇలా పెంచుకుంటున్నా."

"ఈసారైనా గీయించుకుంటావా?" అంది గంటమ్మ.

"చూద్దాం. ముందు కొండ దిగనీ" అన్నాడు. అన్నగారు నవ్వాడు గానీ కళ్ళు నవ్వలేదు.

బయలుదేరే ముందు కొండ మాస్టారు ఒక ఎర్ర పెట్టె తెచ్చాడు. కట్లు, దూది, నొప్పి మాత్రలు. దాన్ని కోడలి వీపుకి తగిలించాడు.

"ఇదేం పెత్తనమయ్యా? పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టు!" అంది గంటమ్మ.

"ఈరోజు వంతు ఆమెది. దేనికి భయపడతామో దాన్నే వీపున మోయాలని మా లెక్క. పెట్టె ఆమె దగ్గర, తాళంచెవి నా దగ్గర. ఇద్దరం కలిస్తేనే తెరుచుకుంటుంది."

"మాత్రలెన్ని?"

"పది."

"పది" అని గంటమ్మ మనసులో రాసుకుంది.

దారి పెద్ద కష్టమైనది కాదు. కంకర పరిచిన బాట, అక్కడక్కడా రాతి మెట్లు. రెండు గంటలు నడిస్తే పైన చెరువు వస్తుందట. చల్లగాలి వేస్తోంది. చెట్ల మధ్య నుంచి కింద ఊళ్ళు చిన్నవిగా కనిపిస్తున్నాయి. అందరూ అవి చూస్తూ నడుస్తున్నారు. గంటమ్మ మాత్రం కోడలి వీపు మీది ఎర్ర పెట్టెనే చూస్తూ నడుస్తోంది. ఆ చేతులు వెనక్కి పోతాయేమో, తాళం మీద వేళ్ళు పడతాయేమో అని. గోడ లేదు, పిచ్చిక లేదు, అందుకని చేతికర్రతో మాట్లాడుతోంది.

"ఓ కర్రా, షూ లేసు ఊడిందని ఆవిడకి చెప్పు."

కోడలు వంగి లేసు కట్టుకుంది. "మెట్లు తడిగా ఉన్నాయి, కింద చూసి నడవమని చెప్పు కర్రా" అంది మెల్లగా. రెండేళ్ళలో మొదటిసారి ఆమె కూడా ఆ ఆట ఆడింది. గంటమ్మకి ఒళ్ళు మండింది. నాకు బుద్ధులు చెబుతుందా అని చూపు పెట్టె మీంచి తియ్యకుండానే తరవాతి మెట్టు మీద కాలేసింది. అది తడి మెట్టే.

పడడం పెద్దగా పడలేదు. కానీ కుడి చీలమండలోంచి కళ్ళు బైర్లు కమ్మే నొప్పి లేచింది. మరుక్షణం కోడలు పక్కన మోకాళ్ళ మీద ఉంది. ముట్టుకోబోయి, ముట్టుకోవచ్చో లేదో తెలియక చేతులు గాల్లో ఆపేసింది.

కొండ మాస్టారు కాలు నొక్కి చూసి విరిగినట్టుందన్నాడు. సెలూన్ ఆయన, ఆయన తమ్ముడు మోసుకెళ్ళే మంచం తేవడానికి కిందికి పరుగెత్తారు. మిగిలినవాళ్ళని మాస్టారు పైకి పంపేశాడు. తాళం తీసి, కట్టు కట్టి, సీసాలోంచి ఒక మాత్ర కోడలి అరచేతిలో వేశాడు. "బలమైనదే. నువ్వే ఇవ్వు" అని, ఇరవై అడుగుల దూరంలో ఒక బండ మీద కూర్చున్నాడు.

తెల్లటి మాత్ర. అదే ఆకారం, అదే పరిమాణం.

"సీసా చూపించమను" అంది గంటమ్మ కర్రతో, పళ్ళ బిగువున. కోడలు చూపించింది. తొమ్మిదున్నాయి. చేతిలో ఒకటి. పదికి పది.

నొప్పికి అహం ఏమిటి? గంటమ్మ మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. అలవాటు కొద్దీ వాచీ చూసుకుంది. పదీ ఇరవై.

కోడలు సీసా మూత పెట్టింది. నొప్పి అలాగే ఉంది. పదీ ఇరవై ఐదు. అలాగే ఉంది. పదిన్నరకి కాలిలో ఎవరో మేకులు దిగ్గొడుతున్నట్టుంది. లోపలెక్కడో పాత అనుమానం తలెత్తింది.

"ఏమయ్యా మాస్టారూ! ఇదీ సుద్దేనా? పది నిమిషాలైంది, ఇంత కూడా తగ్గలేదు!"

"అప్పుడే ఎలా తగ్గుతుందమ్మా? లోపలికి పోయి పనిచెయ్యాలి కదా. అరగంట, నలభై నిమిషాలు పడుతుంది."

"కొందరికి వెంటనే తగ్గుతుందిగా?"

"ఎవరికైనా అంతే. మింగీ మింగకముందే తగ్గించే మందు లోకంలో ఉంటే చెప్పండి, నేనూ కొనుక్కుంటా."

గంటమ్మ వాచీ వైపు చూసింది. వాచీలో ముల్లు కదులుతూనే ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు నిమిషాలు లెక్కపెట్టిన మనిషి. ఎలా తప్పిపోయింది ఈ లెక్క? గ్లాసు ఇంకా మొగుడి చేతిలోనే ఉండేది. పెదవుల మీద తడి ఆరేది కాదు. "తగ్గిందే, హాయిగా ఉంది." అసలు మందైనా అంత తొందరగా తగ్గించదు. నమ్మకమైనా అంతే, ఎంతోకొంత సేపు పట్టాలి. అంత తొందరగా వచ్చేది ఒక్కటే. ముందే సిద్ధం చేసి పెట్టుకున్న మాట.

"ఆయనకి తెలుసా?"

రెండేళ్ళలో కోడలితో ఆమె నేరుగా అన్న మొదటి మాట అది. ఆ సంగతి ఇద్దరూ గమనించలేదు.

"ఎవరికి అత్తయ్యా?"

"మీ మామయ్యకి. సీసాలో ఉన్నవేమిటో ఆయనకి తెలుసా?"

"లేదత్తయ్యా." కోడలు గబగబా అంది. "ఆయనకేం తెలీదు. ఆయన మిమ్మల్ని నమ్మారు. మీరు ఊరికే మనసు పాడుచేసుకోకండి."

"బడి గేటు దగ్గర నిలబడిన దాన్ని నేను. ఆలస్యంగా వచ్చిన పిల్లలు అబద్ధం చెప్పేముందు అచ్చం ఇలాగే కింద చూసేవాళ్ళు. నా మొహం చూసి చెప్పు, అమ్మాయ్."

అమ్మాయ్. ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచి ఆ పాడు సాయంత్రం దాకా అదే పిలుపు. కోడలు తలెత్తింది.

"తొమ్మిదో రోజు మధ్యాహ్నం. మీరు స్నానానికి వెళ్ళారు. ఇంకా అసలువి ఏమన్నా అడుగున మిగిలాయేమోనని సీసా మూత తీశాను. మామయ్య నిద్రపోతున్నారనుకున్నాను. తల తిప్పితే చూస్తున్నారు."

"తిట్టాడా?"

"తిట్టినా బాగుండేదత్తయ్యా. ఎన్నాళ్ళనుంచమ్మా అన్నారు. చెప్పాను. కాసేపు కళ్ళు మూసుకున్నారు. తరవాత, మీ అత్తకి తెలియనివ్వకు అన్నారు. పాపం అది వాచీ చూసుకుని ఇస్తోంది, ఇన్నాళ్ళూ ఇచ్చింది సుద్దని తెలిస్తే బతకదు అన్నారు. కాళ్ళు పట్టుకుని, అసలువి తెచ్చి మళ్ళీ పోసేస్తానని ఒట్టేశాను." ఆమె ఎర్ర పెట్టెని పక్కకి నెట్టింది. "పొయ్యలేదత్తయ్యా. పొద్దున్నే అనుకునేదాన్ని, సాయంత్రానికి నేనే మింగేదాన్ని. ఆయన మళ్ళీ ఒక్కమాట అడగలేదు. మీరు గదిలోకి వస్తుంటే మాత్రం మొహం సర్దుకునేవారు."

గంటమ్మకి అప్పుడు కళ్ళ ముందు కనిపించింది. తలుపు దగ్గర తన అడుగుల చప్పుడు కాగానే దుప్పటి మీద బిగుసుకున్న ఆ వేళ్ళు విడివడడం. నీళ్ళు తాగి నవ్వబోయే ఆ మొహం. పది రోజులు, రోజుకి నాలుగుసార్లు.

"నాకెందుకు చెప్పలేదే?" అంది. అరుపు కాదది, బతిమాలడం. "రెండేళ్ళు నిన్ను నానా మాటలూ అన్నానే. నీ మొహం చూడలేదే. అప్పుడైనా చెప్పి ఉంటే నన్నూ ఏడిపించినట్టుండేదిగా?"

"ఆయనకిచ్చిన మాటల్లో నిలబెట్టుకున్నది అదొక్కటే అత్తయ్యా. సెంటర్లో అన్నీ చెప్పెయ్యమంటారు. ఇదొక్కటీ చెప్పలేదు. ఇవాళ మీరే పట్టేశారు."

గాలికి చెట్లు కదిలాయి. బండ మీద కొండ మాస్టారు ఇటు తిరగలేదు. గంటమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఈ నేరాన్ని ఇన్నాళ్ళూ కోడలి నెత్తినే పూర్తిగా ఎందుకు మోపిందో ఆమెకి తెలుసు. కొంచెం దించితే మిగిలింది తన మీద పడుతుంది. సుద్ద పోసింది కోడలైతే, ఆ నొప్పిలో ఉన్నవాణ్ణి చిన్నపిల్లాడిలా ఏడవకండని కసిరింది తను. ఆయన అడిగింది ఒక్కటి ముందివ్వమని. తను చూపించింది వాచీ.

"ఓర్చుకోండి అన్నానే ఆయన్ని. నలభై నిమిషాలుంది అన్నానే."

"మీకు తెలీదు కదత్తయ్యా."

"తెలీకపోతే? కళ్ళు లేవా? ముల్లు చూశాను గానీ మొహం చూడలేదు."

కోడలు ఈసారి చేతులు గాల్లో ఆపలేదు. పక్కకి జరిగి ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. ఇద్దరూ ఆ తడి మెట్ల మీద అలాగే కూర్చున్నారు. ఎంతసేపో తెలియదు, గంటమ్మ వాచీ చూడలేదు. చూసేసరికి పదకొండు.

ఏదో మారినట్టనిపించింది. కాలు మెల్లగా కదిపింది. మేకులు లేవు. నొప్పి ఎక్కడో దూరంగా, పక్కింట్లో ఉన్నట్టుంది. ఒళ్ళంతా వదులైంది, ఊపిరి నిండుగా లోపలికి వెళ్ళింది. అది తెలిసిన మరుక్షణం ఆమె బావురుమంది. ఇందాకటి ఏడుపు దీని ముందు ఏ మూలకీ రాదు. చిన్నపిల్లలా, చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండా ఏడ్చింది.

కోడలు హడలిపోయింది. "ఏమైందత్తయ్యా? నొప్పి ఎక్కువైందా?"

"లేదే." ఆమె ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. "తగ్గిపోయిందే. ఇంత బాగా తగ్గుతుందా ఇది? ఇంత హాయిగా ఉంటుందా? ఒక్కటి... ఒక్కటి ముందిమ్మని ఎంత అడిగాడే మహానుభావుడు!"

కోడలు కూడా ఏడ్చింది. కింద నుంచి మంచం మోసుకొస్తున్నవాళ్ళ గొంతులు వినిపించేదాకా ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు.

మంచం మీదికి ఎక్కించబోతుంటే గంటమ్మ కోడలి చెయ్యి పట్టుకుని ఆపింది. "నిన్ను క్షమించాననుకోకు. అది నా వల్ల అవుతుందో లేదో నాకే తెలీదు. నన్ను నేనే క్షమించుకోలేను, నిన్నెక్కడ క్షమిస్తాను? కానీ గోడతో మాత్రం ఇంక మాట్లాడలేనే. అలిసిపోయాను."

"అలాగే అత్తయ్యా" అంది కోడలు.

మర్నాడు సాయంత్రం, కాలికి పిండికట్టుతో గంటమ్మ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది. కొడుకు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. పిచ్చిక ఎదురుగా నిలబడి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఏ కబురు ఎటు మోయాలో అని.

"అమ్మాయ్, కాస్త టీ పెట్టు. చక్కెర తగ్గించు" అంది గంటమ్మ.

"అమ్మా, నానమ్మ టీ..." అని మొదలుపెట్టిన పిచ్చిక, మాట మధ్యలో ఆగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది. అప్పటికే కోడలు "ఇదుగో అత్తయ్యా" అంటూ లేచి వెళుతోంది. కొడుకు కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

పిచ్చిక మెల్లగా అమ్మ సంచిలోంచి కాగితం తీసింది. సోమవారం లాండ్రీకి పట్టుకెళ్ళాల్సిన కాగితమది. కింద కొండ మాస్టారి సంతకం ఉంది. పైన అమ్మ గుండ్రటి అక్షరాల ప్రశ్న. ఈమె చేత్తో ఇచ్చిన మందు మీరు వేసుకుంటారా?

దాని కింద, వణికిన చేత్తో నానమ్మ జవాబు.

"వేసుకున్నాను. నలభై నిమిషాల్లో తగ్గింది."